ఫ్లాస్క్ నుంచి జాంగోకు: మూడు లిపుల పుస్తకాల పట్టీతో ఒక నమూనా వెబ్ అప్లికేషన్ కట్టి నడపడం

పర్లాకిమిడిలో మా వీధి పఠనమందిరంలో మూడు లిపుల పుస్తకాలు ఒకే బీరువాలో ఉంటాయి. ఎక్కువ తెలుగువి, తరువాత ఒడియావి, వాటి పక్కన సవర భాషలో సొరంగ్ సొంపెంగ్ లిపిలో అచ్చయిన వాచకాలు కొన్ని. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఈ పట్టణం అందులో చేరింది. మంగేయి గొమాంగో సవర భాషకు లిపి కూర్చినదీ ఆ సంవత్సరమే. ఎవరు ఏ పుస్తకం ఎరువు తీసుకున్నారో రాసుకోవడానికి కొన్నేళ్ల కిందట ఫ్లాస్క్‌తో, అంటే పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే ఒక ఫ్రేమ్‌వర్క్‌తో, ఒక చిన్న వెబ్ అప్లికేషన్ తయారుచేశాను. దాన్ని అటువంటిదే మరో ఫ్రేమ్‌వర్క్ అయిన జాంగోకు మార్చే ముందు ఒక నమూనాను కట్టి, నడిపి, మా పనికి సరిపోతుందో లేదో తేల్చుకున్నాము. ఆ పని ఏ వరుసలో చేయాలో, ఎక్కడెక్కడ ఆగి చూసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. కమాండ్లను తెలుగు అక్షరాల్లో ఇచ్చాను గనుక టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేయాలి.

ఫ్లాస్క్ పనికిరాదని మేము మారలేదు. 2010లో ఆర్మిన్ రోనాకర్ విడుదల చేసిన ఆ ఫ్రేమ్‌వర్క్ కావాలనే చిన్నదిగా ఉంటుంది. చిరునామాలను ఫంక్షన్లకు కలపడం, టెంప్లేట్లను పేజీలుగా మార్చడం వంటివి అది చూసుకుంటుంది, లాగిన్, ఫారాల తనిఖీ, డేటాబేస్ నిర్మాణంలో వచ్చే మార్పుల నమోదు వంటి వాటికి మనమే ఎక్స్‌టెన్షన్లు ఎంచుకోవాలి. ఒక్కరే చూసుకునే పనికి ఆ స్వేచ్ఛ బాగుంటుంది. మా దగ్గర ఈ పని చూసే కాలేజీ పిల్లలు చదువు పూర్తికాగానే భువనేశ్వరమో విశాఖపట్నమో వెళ్లిపోతారు, తరువాత వచ్చినవారికి ఏ ఎక్స్‌టెన్షన్ ఎందుకు పెట్టామో మొదటి నుంచి చెప్పవలసి వస్తుంది. జాంగో పుట్టినది అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు లారెన్స్ పట్టణంలో, ఒక దినపత్రిక కార్యాలయంలో. 2005 జులైలో అందరికీ విడుదలైంది. ప్రోగ్రామింగ్ తెలియని పత్రికా సిబ్బంది రోజూ సమాచారం ఎక్కించుకోవలసిన చోట పుట్టినది కాబట్టి నమోదు పేజీలు, లాగిన్ దానిలోనే ఉన్నాయి. మా పుస్తకాలు చూసుకునే ఆవిడకు కావలసినవి సరిగ్గా అవే.

నమూనాలో ఏమి ఉండాలి

ఫ్రేమ్‌వర్క్ మార్చేవారు సాధారణంగా పాఠాల్లో దొరికే పనుల జాబితానో, బ్లాగునో కట్టి చూస్తారు. అవి ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా నడుస్తాయి గనుక మన అప్లికేషన్ నడుస్తుందా అన్న ప్రశ్నకు వాటి నుంచి జవాబు రాదు. నమూనా చిన్నదిగా ఉండవచ్చు గాని అందులో మన సొంత డేటా ఉండాలి, ఆ డేటాలో మనల్ని ఇదివరకు ఏడిపించిన వరుసలన్నీ ఉండాలి. ఇంతకంటే ముఖ్యమైన మాట ఈ వ్యాసంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

నేను ముప్పై పుస్తకాలు, పది మంది సభ్యులు, ఇరవై ఎరువు పద్దులు ఎంచుకున్నాను. వాటిలో రెండు ఒడియా పుస్తకాల పేర్లలో డకారం కింద చుక్క పెట్టే అక్షరం ఉంది. నాలుగు తెలుగు పేర్లలో పొల్లు హల్లు మాట మధ్యలో వచ్చింది. మూడు పుస్తకాలు సవరవి. సభ్యుల్లో సగం మంది మా ఊరివారు, మిగిలినవారు పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం వారు. పాత అప్లికేషన్‌లో పిన్ కోడ్ 7తో మొదలుకాకపోతే తప్పు అని నేనే ఒక తనిఖీ పెట్టి ఉన్నాను, దానివల్ల 5తో మొదలయ్యే పాతపట్నం చిరునామాలు చాలాకాలం ఎక్కలేదు, అక్కడి సభ్యులకు మా ఊరి పిన్ వేసి నెట్టుకొచ్చాము. సరిహద్దు ఊళ్లలో రాష్ట్రం పేరును ముందే నింపి ఉంచడం, పిన్ కోడ్ మొదటి అంకెను బిగించడం రెండూ తప్పే. ఆరు అంకెలు ఉండాలి, మొదటిది సున్నా కాకూడదు అన్న తనిఖీ చాలు.

ఎరువు పద్దుల్లో సాయంత్రం ఆరున్నర తరువాత నమోదైనవి కొన్ని తప్పక తీసుకోండి. అవి ఎందుకో తరువాత చెబుతాను.

పని స్థలం సిద్ధం చేయడం

ముందుగా «పైథాన్ --వెర్షన్» అని కంప్యూటర్‌లో ఉన్న పైథాన్ ఏదో చూసుకోవాలి. జాంగో 5.2కు పైథాన్ 3.10 గాని ఆ తరువాతిది గాని కావాలి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2 దీర్ఘకాలం మద్దతు ఉండే వెర్షన్, దానికి 2028 ఏప్రిల్ వరకు భద్రతా సవరణలు అందుతాయి. ఏటా తిరగరాసే తీరిక లేని చోట అటువంటి వెర్షన్‌నే పట్టుకోవాలి.

పాత ఫ్లాస్క్ అప్లికేషన్ ఉన్న ఫోల్డర్‌ను అస్సలు ముట్టుకోకుండా వేరే ఫోల్డర్ చేసి, అందులో «పైథాన్ -ఎం వెన్వ్ వెన్వ్» అని ఈ ప్రాజెక్టు ప్యాకేజీలను వేరుగా ఉంచే కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ సృష్టించి, దాన్ని యాక్టివేట్ చేసిన తరువాతే «పిప్ ఇన్‌స్టాల్» తో జాంగోను దించుకోవాలి. పాత ఎన్విరాన్‌మెంట్‌లోనే జాంగోను కూడా పెడితే ఏ ప్యాకేజీ దేనికోసం ఉందో ఆరు నెలల తరువాత ఎవరూ చెప్పలేరు.

నెట్‌వర్క్ నిలకడగా లేని ఊళ్లలో ఒక సౌకర్యం గుర్తుంచుకోదగినది. జాంగో ప్యాకేజీ సుమారు 8 ఎంబీ మాత్రమే, దానికి తోడుగా వచ్చేవి రెండు మూడు చిన్న ప్యాకేజీలు. నెట్ బాగున్న చోట «పిప్ డౌన్‌లోడ్» తో వాటిని ఒక పెన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి దించుకుని, పఠనమందిరంలోని కంప్యూటర్‌లో నెట్ వెతకవద్దని చెప్పే «--నో-ఇండెక్స్», ఫోల్డర్ చూపించే «--ఫైండ్-లింక్స్» జోడించి ఇన్‌స్టాల్ చేయవచ్చు. విండోస్‌లో వాడవలసినవాటిని విండోస్‌లోనే దించుకోవాలి. అక్కడ కాలమండలాల సమాచారం ఇచ్చే «టీజెడ్‌డేటా» అనే ప్యాకేజీ కూడా అవసరమవుతుంది, లినక్స్‌లో దించితే అది రాదు.

తరువాత «జాంగో-అడ్మిన్ స్టార్ట్‌ప్రాజెక్ట్» అని ప్రాజెక్టు పేరు రాసి, చివర ఒక ఖాళీ వదిలి చుక్క పెట్టాలి. ఆ చుక్క లేకపోతే ఫోల్డర్ లోపల అదే పేరుతో మరో ఫోల్డర్ ఏర్పడి కొత్తవారు తికమకపడతారు. ఆపైన «పైథాన్ మేనేజ్.పీవై స్టార్ట్‌యాప్» తో పుస్తకాల కోసం ఒక యాప్ సృష్టించి, దాని పేరును సెట్టింగ్స్ ఫైలులో «ఇన్‌స్టాల్డ్ యాప్స్» అనే జాబితాలో చేర్చాలి. ఫ్లాస్క్‌లో ఒకే ఫైలులో అంతా రాసుకున్నవారికి ప్రాజెక్టు వేరు, యాప్ వేరు అనడం మొదట్లో అనవసరమనిపిస్తుంది. ప్రాజెక్టు అంటే ఇల్లు, యాప్ అంటే అందులో ఒక గది. పుస్తకాలకు ఒక గది చాలు, రేపు పిల్లల చిత్రలేఖన పోటీల నమోదు కావాలంటే అదే ఇంట్లో మరో గది వేసుకోవచ్చు.

సెట్టింగ్స్‌లోనే భాష సంకేతంగా తెలుగుకు చెందిన రెండు అక్షరాల కోడ్, అంటే «టీ», «ఈ», రాసి, కాలమండలంగా «ఏషియా/కోల్‌కతా» అని పెట్టండి. అడ్మిన్ పేజీలు, అంటే ముందు చెప్పిన నమోదు పేజీలు, తెలుగులోకి మారతాయి. కొన్ని మాటలు ఇంగ్లీషులోనే మిగిలిపోతాయి గాని పని ఆగదు.

డేటాను కొత్త ఇంటికి చేర్చడం

ఇక్కడ ఎక్కువసేపు నిలవాలి, ఎందుకంటే పేజీ చెడితే మళ్లీ రాసుకోవచ్చు గాని డేటా చెడితే ఆ నష్టం సభ్యులది.

జాంగోలో «ఇన్‌స్పెక్ట్‌డీబీ» అనే కమాండ్ ఉంది. ఇప్పటికే ఉన్న డేటాబేస్‌ను చూసి, అందులోని ప్రతి పట్టికకు ఒక మోడల్, అంటే ఆ పట్టిక రూపాన్ని వివరించే పైథాన్ కోడ్, రాసి ఇస్తుంది. చాలా ఉపయోగకరమైనది, కాని దాన్ని పాత పట్టికల్లో ఏముందో చదువుకోవడానికి మాత్రమే వాడాలని నా సలహా. మొదటి ప్రయత్నంలో నేను దాన్ని అసలు డేటాబేస్ ఫైలు మీదే నడిపి, అది ఇచ్చిన మోడళ్లలో ఈ పట్టికను జాంగో ముట్టుకోకూడదని చెప్పే «మేనేజ్డ్ = ఫాల్స్» అన్న వరుసలు తీసివేసి, మోడళ్ల ప్రకారం డేటాబేస్‌లో పట్టికలు తయారుచేసే మైగ్రేషన్ నడిపాను. పట్టిక ముందే ఉందని అది ఆగిపోయింది. ఆ దశలోనే వదిలేయవలసినది, దారి అడ్డం ఉందని ఆ పట్టికనే తొలగించాను. అందులో ఆ రోజు సాయంత్రం నమోదైన ఎరువులన్నీ ఉన్నాయి, బ్యాకప్ ముందు రోజుది. పుస్తకాలు చూసుకునే ఆవిడ కాగితపు రిజిస్టరు మానేయకుండా రాస్తూ వచ్చారు కాబట్టి ఆ పద్దులు తిరిగి ఎక్కించగలిగాము. అప్పటినుంచి నేను పాటించే నియమం ఒకటే: పాత ఫైలుకు నకలు తీసి, ఆ నకలును చదవడానికి మాత్రమే తెరవాలి; కొత్త డేటాబేస్ పూర్తిగా వేరు ఫైలుగా పుట్టాలి.

పాత పట్టికను జాంగోకు నేరుగా అప్పగించకపోవడానికి మరో కారణం కాలం. నా ఫ్లాస్క్ అప్లికేషన్ గడియారంలో ఉన్న సమయాన్ని ఉన్నట్టే, ఏ కాలమండలమో చెప్పకుండా, ఒకే ఫైలులో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో దాచేది. జాంగో ఎస్‌క్యూలైట్‌లో ఉన్న సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక కాలంగా భావించి, చూపించేటప్పుడు మన కాలమానానికి ఐదున్నర గంటలు కలుపుతుంది. సాయంత్రం ఆరు గంటలకు ఎరువిచ్చిన పుస్తకం రాత్రి పదకొండున్నరకు ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఏడు గంటలకు ఇచ్చినదైతే మరునాటి తేదీతో కనిపిస్తుంది. మా పఠనమందిరం తెరిచేదే సాయంత్రం, కాబట్టి ఆరున్నర తరువాతి పద్దులన్నింటికీ తేదీ ఒక రోజు జరుగుతుంది, తిరిగి ఇవ్వవలసిన గడువూ జరుగుతుంది. నమూనాలో ఆరున్నర తరువాతి పద్దులు ఉండాలని ముందే చెప్పినది ఇందుకే. పగటి పూట పద్దులతో మాత్రమే పరీక్షించినవారికి గంటలు మారినా తేదీలు సరిగానే కనిపించి, తప్పు దాటిపోతుంది.

కాబట్టి మోడళ్లను మనమే రాయాలి. పుస్తకం, సభ్యుడు, ఎరువు అన్న మూడు చాలు. పుస్తకానికి పేరు, రచయిత, భాష, బీరువా సంఖ్య. సభ్యుడికి పేరు, ఊరు, రాష్ట్రం, పిన్. ఎరువుకు ఏ పుస్తకం, ఏ సభ్యుడు, ఎప్పుడు ఇచ్చాము, ఎప్పుడు తిరిగి వచ్చింది. మోడళ్లు రాశాక «మేక్‌మైగ్రేషన్స్» నడిపితే చేయవలసిన మార్పుల ఫైలు తయారవుతుంది, «మైగ్రేట్» నడిపితే ఆ మార్పులు డేటాబేస్‌లో జరుగుతాయి. రెండింటి మధ్య ఆగి, తయారైన ఫైలును ఒకసారి చదవడం అలవాటు చేసుకోండి.

పుస్తకం మోడల్‌కు నేను అదనంగా ఒక గడి పెట్టాను, దాని పేరు «వెతుకు». ఎందుకో వివరించాలి. తెలుగులో ఇంగ్లీషు మాటలు రాసేటప్పుడు పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక అక్షరం పడుతుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. «సైన్స్‌లో» అన్న మాటలో సకారపు పొల్లు కింద లకారం వత్తుగా దిగకుండా ఆపేది అదే. ఒకరు ఫోనులో టైప్ చేస్తే అది పడుతుంది, మరొకరి కీబోర్డులో పడదు. అప్పుడు పుస్తకం బీరువాలో ఉన్నా వెతికితే దొరకదు. ఒడియాలో డకారం కింద చుక్క ఉన్న అక్షరానిదీ ఇటువంటి చిక్కే: అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో అది ఒకే సంకేతంగా ఒకటి, డకారం, చుక్క విడివిడిగా మరొకటి అని రెండు రకాలుగా ఉంది. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం రెండు వేరు మాటలు.

దీనికి మందు పైథాన్‌లోనే ఉంది. «యూనికోడ్‌డేటా» మాడ్యూల్‌లోని «నార్మలైజ్» ఫంక్షన్‌కు «ఎన్ఎఫ్‌సీ» అన్న పద్ధతి చెప్పి పేరును పంపితే ఒడియా అక్షరపు రెండు రూపాలూ ఒకటవుతాయి. కనిపించని అక్షరాన్ని మాత్రం పుస్తకం పేరులోంచి తీసివేయకూడదు, తీసివేస్తే మాట రూపమే చెడుతుంది. పేరును ఉన్నట్టే ఉంచి, «వెతుకు» గడిలో మాత్రం ఆ అక్షరం తీసిన నకలును దాచి, సభ్యులు టైప్ చేసిన మాటను కూడా అలాగే శుభ్రం చేసి ఆ గడిలో వెతకాలి. పుస్తకం మోడల్ సేవ్ అయ్యే ప్రతిసారీ ఈ నకలు తయారయ్యేలా మోడల్‌లోని «సేవ్» పద్ధతిలోనే రాస్తే ఎవరూ మరచిపోయే వీలుండదు. గుంపుగా ఒకేసారి చేర్చే «బల్క్ క్రియేట్» మాత్రం ఆ పద్ధతిని పిలవదు; డేటా దిగుమతికి దాన్ని వాడితే నకలును మీరే తయారుచేసి ఇవ్వాలి.

సవర పుస్తకాల విషయం చిత్రంగా సులభంగా గడిచింది. సవర భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు ఇది. సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్ 6.1తో కంప్యూటర్లలోకి వచ్చింది. ఎస్‌క్యూలైట్‌లో దాన్ని దాచడానికి ఏ ఇబ్బందీ లేదు. ముందుముందు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు వెళ్లాలనుకునేవారు అక్కడ మూడు బైట్ల పాత యూటీఎఫ్8 కాకుండా నాలుగు బైట్ల «యూటీఎఫ్8ఎంబీ4» ఎంచుకోవాలి, ఈ లిపి అక్షరాలకు నాలుగు బైట్లు కావాలి. ఫోన్లలో ఆ లిపి డబ్బాలుగా కనిపిస్తే నోటో సాన్స్ సొరంగ్ సొంపెంగ్ అనే ఫాంటు ఫైలును యాప్‌లోని «స్టాటిక్» ఫోల్డర్‌లో పెట్టి పేజీతో పాటు పంపండి.

దిగుమతికి ఒక మేనేజ్‌మెంట్ కమాండ్ రాయడం మంచిది. యాప్‌లో «మేనేజ్‌మెంట్» ఫోల్డర్, దాని లోపల «కమాండ్స్» ఫోల్డర్ చేసి, అందులో ఒక ఫైలు పెడితే ఆ ఫైలు పేరే కమాండ్ అవుతుంది. మొత్తం పనిని «ట్రాన్సాక్షన్.అటామిక్» లోపల ఉంచితే మధ్యలో ఒక్క వరుస తప్పినా, కరెంటు పోయినా, సగం డేటా ఎక్కి ఉండదు, ఉంటే అంతా ఉంటుంది, లేకపోతే ఏదీ ఉండదు. పాత సమయాలను ఎక్కించే ముందు «మేక్ అవేర్» అనే ఫంక్షన్‌తో అవి కోల్‌కతా కాలమని చెప్పాలి.

పుస్తకాల పట్టీలో కొంత భాగం ఎక్సెల్‌లో ఉంటే దాన్ని సీఎస్‌వీగా సేవ్ చేసి చదువుతారు. ఎక్సెల్ యూటీఎఫ్8 సీఎస్‌వీ మొదట్లో కనిపించని గుర్తు ఒకటి పెడుతుంది, అది మొదటి గడి శీర్షికకు అంటుకుని ఆ పేరుతో గడి లేదని తప్పు వస్తుంది. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను «యూటీఎఫ్-8-సిగ్» అని ఇస్తే ఆ గుర్తు తొలగిపోతుంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలోనో, ఒడియా అయితే ఆకృతి ఫాంట్లలోనో కొట్టించిన జాబితా ఉంటే అది యూనికోడే కాదు. ముందు మార్పిడి చేయించి, ఒక మనిషి కూర్చుని వరుసవరుసా పుస్తకంతో సరిచూసిన తరువాతే ఎక్కించాలి.

పేజీలు, చిరునామాలు, టెంప్లేట్లు

ఫ్లాస్క్‌లో ఫంక్షన్ తలమీదే చిరునామా రాస్తాము. జాంగోలో «యూఆర్‌ఎల్స్» ఫైలులో చిరునామాలన్నీ ఒకచోట వరుసగా ఉంటాయి. ఫ్లాస్క్‌లో «రిక్వెస్ట్» ఎక్కడనుంచైనా అందే వస్తువు, జాంగోలో అది ప్రతి వ్యూకు, అంటే పేజీని తయారుచేసే ఫంక్షన్‌కు, మొదటి ఆర్గ్యుమెంటుగా వస్తుంది. ఫారంలో వచ్చినది «రిక్వెస్ట్.ఫారం» బదులు «రిక్వెస్ట్.పోస్ట్» లో, వెతుకులాట మాట «రిక్వెస్ట్.ఆర్గ్స్» బదులు «రిక్వెస్ట్.గెట్» లో దొరుకుతుంది, జాంగోలో ఆ రెండు పేర్లూ పెద్ద అక్షరాల్లో రాయాలి. ఈ మార్పులు ఒక పూటలో చేయి తిరుగుతాయి.

చిరునామాలో పుస్తకం పేరు పెట్టాలన్న కోరిక కలిగితే ఆపుకోవలసిందిగా కోరుతున్నాను. జాంగోలో పేరును చిరునామాగా మార్చే «స్లగిఫై» అనే ఫంక్షన్‌కు తెలుగు మాట ఇస్తే మామూలుగా ఏమీ మిగలదు. యూనికోడ్‌ను అనుమతించమని చెప్పినా, పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల లెక్కలో మన గుణింతాల గుర్తులు, పొల్లు అక్షరాల కిందకు రావు కనుక వాటిని రాల్చివేస్తుంది. «పర్లాకిమిడి» అని ఇస్తే «పరలకమడ» అని వస్తుంది. ఇదే కారణంగా, సభ్యుల పేర్లలో అక్షరాలు మాత్రమే ఉండాలని ఆ పద్ధతిలో తనిఖీ రాస్తే తెలుగు, ఒడియా పేర్లు దాదాపు అన్నీ తప్పని తేలుతాయి. చిరునామాలో పుస్తకం సంఖ్య పెట్టండి, అది ఏ భాషలోనూ చెడదు.

టెంప్లేట్లు చూడడానికి ఫ్లాస్క్ వాడే టెంప్లేట్ పద్ధతి అయిన జింజావిలాగే ఉంటాయి, అందువల్లనే ఏమరుపాటు కలుగుతుంది. జింజాలో ఫంక్షన్ పేరు తరువాత కుండలీకరణాలు పెట్టి పిలుస్తాము, జాంగో టెంప్లేట్‌లో అవి పెట్టకూడదు. పెడితే మిగిలిన భాగం అర్థం కాలేదని తప్పు చూపుతుంది. వరుస సంఖ్యకు జింజాలో «లూప్.ఇండెక్స్» అయితే ఇక్కడ «ఫర్‌లూప్.కౌంటర్». స్టాటిక్ ఫైళ్లు వాడే ప్రతి టెంప్లేట్‌లోనూ «లోడ్ స్టాటిక్» అన్న వరుస ఉండాలి. తప్పు చూపించే మార్పులతో భయం లేదు. చూపించనిదే ప్రమాదం: లేని గడి లోపలి గడిని అడిగితే జింజా తప్పని ఆగుతుంది, జాంగో టెంప్లేట్ అక్కడ ఖాళీ వదిలి ముందుకు పోతుంది. మా నమూనాలో సభ్యుడి ఊరు పేరు రావలసిన చోట ఖాళీ ఉండగా రెండు రోజులు ఎవరమూ గమనించలేదు. అందుకని ప్రతి పేజీనీ పాత అప్లికేషన్ పేజీ పక్కన తెరిచి, గడి గడికీ పోల్చి చూడాలి. జింజానే జాంగోలో కొనసాగించే వీలు 2015లో వచ్చిన 1.8 వెర్షన్ నుంచీ ఉంది, కాని అడ్మిన్ పేజీలు ఎలాగూ జాంగో టెంప్లేట్లతోనే నడుస్తాయి కాబట్టి కొత్తవారికి రెండు పద్ధతులు నేర్పడం నాకు సమంజసమనిపించలేదు.

ఫారం పంపగానే 403 అన్న తప్పు వస్తే కంగారు పడవద్దు. వేరే సైటు నుంచి దొంగచాటుగా ఫారం పంపకుండా జాంగో కాపలా కాస్తుంది. ఫారం ట్యాగు లోపల «సీఎస్ఆర్ఎఫ్ టోకెన్» అన్న చిన్న వరుస చేర్చితే సరిపోతుంది. ఆ కాపలాను తీసివేయమని చెప్పే సలహాలు దొరుకుతాయి, వాటిని వినవద్దు. ఫారం పంపే చిరునామా చివర ఏటవాలు గీత (/) మరచిపోయినా తప్పు వస్తుంది, అది కూడా సరిచూసుకోండి.

నడిపి చూడడం

«క్రియేట్‌సూపర్‌యూజర్» తో ఒక నిర్వాహక ఖాతా చేసుకుని, «పైథాన్ మేనేజ్.పీవై రన్‌సర్వర్» అని నడపండి. బ్రౌజర్‌లో 127.0.0.1:8000 తెరిస్తే నమూనా కనిపిస్తుంది, దాని చివర «అడ్మిన్» చేర్చితే నమోదు పేజీలు వస్తాయి. మూడు మోడళ్లనూ అడ్మిన్ ఫైలులో నమోదు చేసి ఉంటేనే అవి అక్కడ కనిపిస్తాయి. పట్టీలో ముందు ఒడియా పేర్లు, తరువాత తెలుగు, చివర సవర వరుసగా వస్తే ఆశ్చర్యపోవద్దు, ఎస్‌క్యూలైట్ యూనికోడ్ సంకేతాల క్రమంలోనే పేరుస్తుంది. ముందు భాష ప్రకారం, తరువాత పేరు ప్రకారం పేర్చమని మోడల్‌లో చెబితే చదివేవారికి సుఖంగా ఉంటుంది.

ఇక పుస్తకాలు ఇచ్చే మనిషి ఫోనులో చూడాలి. కంప్యూటర్, ఫోను ఒకే వైఫైలో గాని ఒకే హాట్‌స్పాట్‌లో గాని ఉంచి, రన్‌సర్వర్ తరువాత 0.0.0.0:8000 అని చేర్చి నడపాలి, ఫోనులో కంప్యూటర్ ఐపీ చిరునామా, ఆ పోర్టు సంఖ్య టైప్ చేయాలి. మొదటిసారి 400 తప్పు వస్తుంది. సెట్టింగ్స్‌లో «అలౌడ్ హోస్ట్స్» జాబితాలో ఆ ఐపీ చిరునామా చేర్చాలి. పుస్తకాలు చూసుకునే ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని మొదట వెతికినది «సైన్స్‌లో» అన్న మాటతో మొదలయ్యే పిల్లల పుస్తకం. ఆమె కీబోర్డులో కనిపించని అక్షరం పడదు, అయినా పుస్తకం వచ్చింది. పాత అప్లికేషన్‌లో అదే పుస్తకాన్ని ఆమె బీరువా సంఖ్యతో గుర్తుపెట్టుకుని తీసేవారు.

ఆమె చూసిన ప్రతి విషయాన్నీ ఒక పరీక్షగా రాసి పెట్టండి: కనిపించని అక్షరం ఉన్నా లేకపోయినా పుస్తకం దొరకాలి, సాయంత్రం ఏడు గంటల ఎరువు అదే తేదీతో కనిపించాలి, 5తో మొదలయ్యే పిన్ ఎక్కాలి. «పైథాన్ మేనేజ్.పీవై టెస్ట్» నడిపితే జాంగో వేరే తాత్కాలిక డేటాబేస్‌లో వీటిని పరీక్షిస్తుంది, మన పద్దుల జోలికి రాదు.

రన్‌సర్వర్ పరీక్షల కోసం ఉద్దేశించినది, రోజువారీ వాడకానికి కాదు. సెట్టింగ్స్‌లో తప్పుల వివరాలు తెర మీద చూపించే «డీబగ్» ను ఆపి, «మేనేజ్.పీవై చెక్ --డిప్లాయ్» చెప్పే హెచ్చరికలు చదివి, లినక్స్ అయితే గునికార్న్, విండోస్ అయితే వెయిట్రెస్ సర్వర్‌తో నడపాలి, గునికార్న్ విండోస్‌లో నడవదు. డీబగ్ ఆపగానే పేజీల రంగులూ ఫాంట్లూ పోతాయి, ఎందుకంటే అప్పటివరకు రన్‌సర్వరే స్టాటిక్ ఫైళ్లు అందించేది. «కలెక్ట్‌స్టాటిక్» నడిపి, వైట్‌నాయిజ్ అనే ప్యాకేజీని సెట్టింగ్స్‌లో చేర్చితే అవి తిరిగి వస్తాయి.

నమూనా నిలిచిన తరువాత అదే దిగుమతి కమాండ్‌తో మొత్తం డేటాను ఎక్కించి, రెండు వారాలు పాతదాన్ని 5000 పోర్టులో, కొత్తదాన్ని 8000 పోర్టులో పక్కపక్కనే నడిపాము. ప్రతి ఎరువునూ రెండింటిలోనూ నమోదు చేసి, తలుపు వేసే ముందు బయట ఉన్న పుస్తకాల సంఖ్యను రెండు పట్టీలతోనూ, కాగితపు రిజిస్టరుతోనూ సరిచూసేవాళ్లం. మూడు రోజులు తేడా వచ్చింది, మూడుసార్లూ కొత్తదానిలో నమోదు చేయడం మరచిపోయినదే. తరువాత పది రోజులు మూడు లెక్కలూ ఒకటిగా ఉన్నాక, పాత డేటాబేస్ ఫైలును చదవడానికి మాత్రమే వీలుండేలా మార్చి, ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో బీరువా లోపల పెట్టి, 5000 పోర్టును ఆపివేశాము.